పాట లేని శనివారం

వానెటా రాస్నిక్ పై గొంతు పాడేది. ఆమె గురించి ఇంకేం చెప్పాలన్నా ముందు ఈ మాట చెప్పాలి, ఎందుకంటే జరిగిందంతా ఇందులోనే ఉంది.

మా వర్జీనియా కొండల్లో ఇద్దరు కలిసి పాడితే ఒకరు అసలు వరస పాడతారు, రెండోవాళ్ళు దాని మీద పై గొంతు కలుపుతారు. చరణాలు అసలు వరస వాడివి. పల్లవి ఇద్దరిదీ. పై గొంతు వాళ్ళకు పాటతో పెద్దగా పని ఉండదు, పాడేవాడి నోటితోనే పని. పెదవి ఎప్పుడు విచ్చుకుంటుంది, మాట ఎక్కడ సాగుతుంది, ఊపిరి ఎక్కడ తీసుకుంటాడు, ఇవన్నీ కనిపెట్టుకుని వెంట్రుకవాసి వెనకగా వెళ్ళాలి. వానెటా పదేళ్ళ వయసు నుంచి, అంటే నలభై ఏళ్ళుగా, అన్న హోబర్ట్ నోరు చూస్తూ పాడింది. ఆ నోట్లో ఏ పన్ను ఎప్పుడు ఊడిందో కూడా చెప్పగలదు. ఆ నోరు ఏం చెబుతోందో మాత్రం వినలేదు. ఆమెనొక్కదాన్నీ అనడం దేనికి, మేమెవ్వరం వినలేదు.

వారమంతా ఆమె బడిలో వంట చేసేది. రెండు వందల మంది పిల్లలకు ఒంటిచేత్తో వండి వడ్డించే మనిషి. నోరు కూడా చెయ్యంత గట్టిదే. పులుసు పల్చగా ఉందన్న పంతులుతో, "ఈదడానికి కాదు బాబూ, తాగడానికి" అందట. శనివారం మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి మాత్రం ఆ వంట వాసనంతా కడుక్కుని, నీలం గౌను వేసుకుని, దాణా కొట్టు వెనక గదిలో రేడియో మైకు ముందు నిలబడేది. పక్కన హోబర్ట్, మెడలో గిటారు. కోళ్ళ దాణా బస్తాల మీద కూర్చుని అరవై డెబ్భై మంది వినేవారు. రాలేనివాళ్ళు ఇళ్ళల్లో రేడియోల ముందు కూర్చునేవారు. పంతొమ్మిదేళ్ళలో ఒక్క శనివారం కూడా తప్పలేదు. హోబర్ట్ భార్య ఓమా పోయినప్పుడు కూడా బుధవారం ఆమెను పాతిపెట్టి శనివారం వచ్చి పాడాడు. అంత బాగా ముందెప్పుడూ పాడలేదని అందరూ మెచ్చుకున్నారు. సిగ్గులేని జనం మేము.

మా పాటలన్నీ ఏడుపు పాటలే. ఇల్లు వదిలి పోయినవాడు, ఎంత కొట్టినా తలుపు తియ్యని ఇల్లు, నడిచీ నడిచీ దారి పక్కన కూలబడ్డవాడు. పాట ఎంత ఏడిపిస్తే అంత గొప్పది మాకు. "గుండె పిండేశావురా హోబర్టూ" అంటే శాలువా కప్పినట్టు. కానీ ఆ పాట ఎవరి గురించి అని మాత్రం ఎవరూ అడగరు. అది ఒకరి దుప్పటి ఎత్తి చూడటం లాంటిది. నాకు బాగోలేదు, ఒంటరిగా ఉండలేకపోతున్నాను అని నోరు విడిచి చెప్పిన మగాణ్ణి మా లోయలో ఎవరూ ఎరగరు. అదే మాట రాగం కట్టి చెబితే చప్పట్లు కొడతారు.

హోబర్ట్‌కి అప్పటికి యాభై ఎనిమిది. మూడో నంబరు బొగ్గు గనిలో దిగినవాడు. గనిలో ఇద్దరిద్దరు జతగా పని చేస్తారు. పన్నెండేళ్ళ కింద కప్పు కూలినప్పుడు హోబర్ట్ బయటపడ్డాడు, అతని జతగాడు హార్లన్ లోపలే ఉండిపోయాడు. మనిషిని బయటికి తియ్యలేక గనినే మూసేశారు. ఓమా పోయి నాలుగేళ్ళయింది. పిల్లల్లేరు. లోయ పైకొసన ఆ ఇంట్లో అతనూ, బక్ అనే కుక్కా. వానెటా ఆదివారం ఆదివారం గిన్నెలో ఏదో ఒకటి పట్టుకెళ్ళి, ఎలా ఉన్నావన్నయ్యా అనేది. ఉన్నా, అనేవాడు. అంతటితో ఆమె తృప్తిపడి ఖాళీ గిన్నె తీసుకుని వచ్చేసేది.

ఆ ఏడు మార్చి మొదటి శనివారం హోబర్ట్ కొత్త పాట తెచ్చాడు. అప్పటికి ఒక్కటే చరణం.

బావిలో పూడిక తీశాను, నీళ్ళు తేటపడ్డాయి,
నా తరవాత వచ్చేవాడి దాహం తీరాలి.

దానికి పల్లవి ఇది.

పాట లేని శనివారం వచ్చిందంటే
టోపీ పెట్టుకుని వెళ్ళిపోతాను,
దీపమెందుకు, జతగాడున్నాడు,
నా నడక వాడికి గుర్తే.

కొట్లో ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. మరుసటి ఆదివారం పాస్టరు ఆ పాట మీద అరగంట బోధ చేశాడు. జతగాడంటే ప్రభువేనట, పాట లేని శనివారమంటే లోకాంతమట. మేమంతా ఆమెన్ అన్నాం.

రెండో వారానికి ఇంకో చరణం వచ్చింది. కుక్కను పొరుగాయనకిచ్చాను, అది నాకన్నా బాగా బతకాలి, అని. నిజంగానే ఆ మంగళవారం హోబర్ట్ బక్‌ని తాడు కట్టి నడిపించుకెళ్ళి కింది ఇంటి ఆసా సదర్లండ్‌కి ఇచ్చాడు. ఆయాసం వస్తోంది, దీన్ని తిప్పలేకపోతున్నా అన్నాడు. ఆసా ఆ శనివారం కుక్కను కాళ్ళ దగ్గర కూర్చోబెట్టుకుని ఆ పాట విన్నాడు, చప్పట్లు కొట్టాడు. మూడో వారం రేకుల కప్పుకి మేకులు కొట్టిన చరణం. నాలుగో వారం ఓమా సమాధి రాయి ఒరిగితే నిలబెట్టిన చరణం. పాట గుమ్మడి తీగలా పాకుతోందని కొట్లో నవ్వుకున్నారు, వచ్చే వారం ఏం చేరుస్తాడో అని ఎదురుచూశారు. వానెటాకి మాత్రం విసుగేసింది. చరణాలు పెరిగేకొద్దీ పల్లవి ఆలస్యంగా వస్తోంది, అంతసేపూ అన్న నోటికేసి చూస్తూ నిలబడాలి. నిలబడి నిలబడి ఆమె కాళ్ళు లాగేవి.

ఏప్రిల్లో ఒకరోజు హోబర్ట్ బండెడు కట్టెలు తెచ్చి ఆమె ఇంటి అరుగు మీద పేర్చాడు. చెట్లు చిగుర్లేస్తుంటే కట్టెలేంటన్నయ్యా, నన్నేమైనా కాల్చేద్దామనా, అని వానెటా వేళాకోళం చేసింది. చలి మళ్ళీ రాదా ఏంటి, అన్నాడతను. పేర్చిన కట్టెల కొసలన్నీ ఒక్క గీత మీద ఉన్నాయి. ఆ వారం చరణం ఆ కట్టెల గురించే. ఆమె పక్కనే నిలబడింది. ఆమె అరుగు, ఆమె కట్టెలు. ఒక్క ముక్క చెవికెక్కలేదు.

ఆరో వారం దాణా కొట్టు నేల పుచ్చిపోయి ఒక గేదెంత బస్తా కిందికి దిగబడింది. చెక్కలు మార్చేదాకా ఎవరూ లోపలికి రాకూడదన్నారు. రేడియో నడిపే డోర్సీ కైజర్ ఒక ఉపాయం పన్నాడు. పట్నం నుంచి టేపు యంత్రం తెచ్చి, గురువారం సాయంత్రం బడి భోజనశాలలో ఇద్దరి చేతా పాడించి, అది శనివారం వేస్తానన్నాడు. మా దగ్గర అదే మొదటిసారి. ఊరగాయ వాసన కూడా రేడియోలో వస్తుందేమో చూసుకో డోర్సీ, అంది వానెటా. హోబర్ట్ నవ్వలేదు. అయితే శనివారం రానక్కర్లేదా, అని డోర్సీని రెండుసార్లు అడిగాడు. రానక్కర్లేదు, ఇంట్లో కాళ్ళు చాపుకుని విను, అన్నాడు డోర్సీ. ఆ రోజు పాటలో ఆరో చరణం కూడా ఉంది.

శనివారం పన్నెండుకి వానెటా వంటింట్లో ఉంది. పొయ్యి మీద బీన్స్ ఉడుకుతున్నాయి, చేతులు మొక్కజొన్న పిండిలో ఉన్నాయి. రాత్రి పనికి వెళ్ళొచ్చిన మొగుడు క్లోవిస్ లోపల గుర్రు పెడుతున్నాడు. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆ వేళకి ఇంట్లో ఉన్నందుకు ఆమెకు బడి ఎగ్గొట్టినంత సరదాగా ఉంది. రేడియోలో తన గొంతు వినగానే అదిరిపడింది. ఇదేంటి, పిల్లి తోక తొక్కినట్టుంది నా గొంతు, దీన్నా ఇన్నేళ్ళు మెచ్చుకున్నారు, అనుకుని నవ్వుకుంది. రెండు పాటలయ్యాయి. మూడోది ఆ కొత్త పాట.

చరణం మొదలైంది. హోబర్ట్ ఒక్కడే పాడుతున్నాడు. వానెటా అలవాటుగా తలెత్తి అతని నోటి కోసం చూసింది. ఎదురుగా గోడ ఉంది, గోడకి గరిటెలు వేలాడుతున్నాయి. కనిపెట్టుకోవడానికి నోరు లేదు. ఎక్కడ అందుకోవాలో చూసుకునే పని లేదు. వినడం తప్ప ఇంకేం చెయ్యడానికి లేదు. నలభై ఏళ్ళలో ఆమె తన అన్న పాటని వినడం అదే మొదలు.

బావి గురించి చెప్పాడు. నిజమే, బావి పూడిక తీశాడు, తనే చూసింది. కుక్కను ఇచ్చానన్నాడు. ఇచ్చాడు. రేకులకు మేకులు కొట్టానన్నాడు. ఓమా రాయి నిలబెట్టానన్నాడు. వానెటా చేతులు పిండిలో ఆగిపోయాయి.

చెల్లి అరుగు మీద కట్టెలు పేర్చాను,
వచ్చే చలికి నేను గుర్తొస్తాను.

కిటికీలోంచి ఆ కట్టెలు కనిపిస్తున్నాయి. కొసలన్నీ ఒక్క గీత మీద ఉన్నాయి. 

ఆరో చరణం గురువారం ఆమె పక్కనే నిలబడి అతను పాడినదే, ఆమె ఇప్పుడు కొత్తగా వింది.

దీపం మేకుకి తగిలించాను, గిటారు ఓమా పక్కమీద,
చెప్పాల్సిందంతా చెప్పేశాను, విన్నవాళ్ళు విన్నారు.

తరవాత పల్లవి వచ్చింది. అందులో తన గొంతే, ఆ పిల్లి గొంతే, ఆమె ముఖం మీద కొట్టినట్టు పాడింది. పాట లేని శనివారం వచ్చిందంటే. పంతొమ్మిదేళ్ళలో పాటకి వెళ్ళక్కర్లేని శనివారం ఒక్కటీ లేదు. ఇవాళే ఉంది. అన్న ఈ శనివారం కోసమే ఆగాడు, ఆ ముక్క తనే అతనితో కలిసి ఊరందరికీ ఆరు వారాలు పాడి వినిపించింది. ఇంత వెర్రిదాన్నా నేను, అని పైకే అంది. పొయ్యి ఆర్పలేదు, చేతులు కడగలేదు. క్లోవిస్ ట్రక్కు తాళం తీసుకుని పరిగెత్తింది.

వాగు పక్క మట్టిరోడ్డు మీద ఆమె ఆ ట్రక్కుని ఎలా నడిపిందో ఆమెకే తెలియదు. దారిలో ప్రతి ఇంట్లోంచీ రేడియో వినిపిస్తోంది. ప్రతి అరుగు మీదా జనం కాళ్ళు చాపుకుని, తలలూపుతూ వింటున్నారు. ఒకావిడ చెయ్యి కూడా ఊపింది, బాగా పాడారని.

హోబర్ట్ ఇంటి తలుపు తీసే ఉంది. వంటింట్లో రేడియో మోగుతోంది, ఖాళీ కుర్చీ ముందు అన్నాచెల్లెళ్ళు నాలుగో పాట పాడుకుంటున్నారు. గిన్నెలన్నీ కడిగి బోర్లించి ఉన్నాయి. టోపీకి తగిలించుకునే గని దీపం తలుపు పక్క మేకుకి వేలాడుతోంది. టోపీ లేదు. గిటారు ఓమా పడుకునే వైపు దిండు మీద ఉంది. చరణంలో చెప్పింది చెప్పినట్టు. 

హార్లన్ లోపలే ఉండిపోయిన మూడో నంబరు గని అక్కడికి దగ్గరే, ఇంటి వెనక కొండ ఎక్కితే వస్తుంది. మా వైపు ఆడది గని నోట్లో అడుగు పెట్టదు. పెడితే కప్పు కూలుతుందంటారు. వానెటా తండ్రి గనివాడు, అన్న గనివాడు, మొగుడు గనివాడు, అయినా ఆమె ఏ గని నోటి దగ్గరా నిలబడి ఎరగదు. ఆమె ఎక్కి వెళ్ళేసరికి, గని నోటికి అడ్డం కొట్టిన చెక్కలు రెండు ఊడదీసి, పద్ధతిగా పక్కన పెట్టి ఉన్నాయి. లోపల చీకటి. ఆమె అడుగు పెట్టింది.

అరవబోయి నోరు నొక్కుకుంది. పాత గనిలో అరిస్తే ఆడదాని అడుగు అక్కర్లేదు, అరుపుకే కప్పు కూలుతుంది. అందుకని పాడింది. ఆమెకొచ్చింది పై గొంతు ఒక్కటే, అసలు వరస ఆమెకు ఏనాడూ రాదు. కింద వరస లేని ఆ పై గొంతు తలా తోకా లేకుండా, ఏ పాటకీ చెందనట్టుగా ఆ చీకట్లోకి వెళ్ళింది. పల్లవి మొత్తం పాడింది. ఏమీ వినపడలేదు. మళ్ళీ మొదలుపెట్టింది.

"మరీ పైన ఎత్తుకున్నావే" అంది లోపలి నుంచి ఒక గొంతు, కాస్త చిరాగ్గా.

 వానెటా కప్పుకి ఊతగా నిలబెట్టిన దుంగను పట్టుకుని నేల మీద కూలబడింది.

"బయటికి రా అన్నయ్యా."

"నువ్వు ముందు బయటికి పో. ఆడవాళ్ళు రాకూడదిక్కడికి."

"పోను. కూలితే ఇద్దరి మీదా కూలనీ. పొయ్యి మీద బీన్స్ మాడిపోతున్నాయి. క్లోవిస్ లేచాడంటే నిన్నే తిడతాడు, నన్ను కాదు."

లోపల దగ్గు వినిపించింది. నవ్వో దగ్గో ఆమెకు తెలియలేదు. దాన్ని బట్టి చూస్తే అతను పెద్ద దూరంలో లేడు. దీపం లేకుండా చీకట్లో, జతగాడి మీద కూలిన బండలకు ఇంకా ఇవతలే కూర్చుని ఉన్నాడు. ఏం ఆలోచిస్తూ అంతసేపు కూర్చున్నాడో, ఇంకా ముందుకి ఎందుకు వెళ్ళలేదో ఆ తరవాత కూడా ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు వానెటాకి కోపం వచ్చింది. భయమంతా కోపమై కళ్ళలోంచి కారింది. "ఒక్క మాట నాతో చెప్పొచ్చు కదా అన్నయ్యా. ప్రతి ఆదివారం వచ్చి అడిగానే. ఒక్క మాట చెప్తే నీ నోరు అరిగిపోయేదా?"

 హోబర్ట్ మామూలుగా, రోజూ మాట్లాడే గొంతుతోనే అన్నాడు.

"చెప్పాను కదే నెటా. ఆరు వారాలు చెప్పాను. నువ్వూ పక్కనే నిలబడి నాతో పాటు చెప్పావు."

  ఆమె లేవబోయింది, కాళ్ళు లేవలేదు. లేవలేకపోతున్నానన్నయ్యా, అంది. అది నాటకం కాదు, నిజంగానే లేవలేకపోయింది. చివరికి అతనే చీకట్లోంచి తడుముకుంటూ వచ్చి, చంకల కింద చేతులేసి ఆమెను లేపి వెలుతుర్లోకి తీసుకొచ్చాడు. ఆమె చేతుల పిండి అతని చొక్కా నిండా అంటుకుంది.

ఆ వారమంతా హోబర్ట్ చెల్లెలి ఇంట్లోనే ముందుగదిలో పడుకున్నాడు. క్లోవిస్ తన దుప్పటి తెచ్చి అతని మీద వేసి పనికి వెళ్ళిపోయాడు. వానెటా బడిలో గరిటె పట్టుకుని ఉన్నట్టుండి ఆగిపోయేది. తన గొంతు చెవిలో వినిపించేది, అన్న చావు మాట తను తియ్యగా పాడినట్టు. ఎవరితోనూ అనలేదు. అలా అనే అలవాటు మాకు లేదని ముందే చెప్పాను.

తరవాతి శనివారానికి దాణా కొట్టు బాగయింది, కొత్త చెక్కల వాసన వేస్తోంది. డోర్సీ చేతిలో రేడియో విన్నవాళ్ళు పంపిన కట్టెడు కార్డులున్నాయి. అన్నీ ఆ ఒక్క పాట కోసమే, ఇంత గొప్ప ఏడుపు పాట ఈ మధ్య వినలేదని రాశారు. అతను ఉత్సాహంగా కొన్ని చదివాడు. హోబర్ట్ తల వంచుకుని మెల్లగా మొదటి స్వరం పట్టాడు. జనం బస్తాల మీద సర్దుకుని కూర్చున్నారు.

వానెటా చెయ్యి చాపి గిటారు తీగల మీద అరచెయ్యి వేసి నొక్కింది. మైకు వైపు వంగింది.

"అన్నయ్యా, ఈ పాట ఎవరి గురించి?"

కొట్టంతా బిగుసుకుపోయింది. నడివీధిలో గుడ్డలు విప్పినా మేము అంత బిత్తరపోము. ఎవరో సన్నగా, అయ్యో, అన్నారు. డోర్సీ చెయ్యి మైకు మీట దాకా వెళ్ళి అక్కడే ఉండిపోయింది. రేడియో మూగబోయేసరికి ఇళ్ళల్లో ఉన్నవాళ్ళు అది చెడిపోయిందనుకుని దాని నెత్తిన కొట్టారట. హోబర్ట్ చెల్లెలి ముఖంలోకి చూశాడు. ఆమె అతని నోరు చూడటం లేదు, కళ్ళలోకి చూస్తోంది.

"నా గురించే" అన్నాడు హోబర్ట్.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పాస్టరు వెనక బస్తా మీద కూర్చుని తన బూట్లకేసి చూసుకుంటున్నాడు. హోబర్ట్ మెడలోంచి గిటారు తీసి పక్కన పెట్టాడు.

అప్పుడు ఆసా సదర్లండ్ లేచి బయటికి పోయాడు. అవమానంతో పోయాడనుకున్నాం. కాసేపటికి ట్రక్కులో ఉన్న బక్‌ని తాడుతో పట్టుకుని లోపలికి వచ్చాడు. జనం మధ్య నుంచి నడిచి వెళ్ళి ఆ తాడు హోబర్ట్ చేతిలో పెట్టాడు.

"ఇది నా కాళ్ళ దగ్గరే కూర్చునుందిరా" అన్నాడు. "నువ్వు పాడుతుంటే ఇది నా కాళ్ళ దగ్గరే ఉంది, నేను చప్పట్లు కొట్టాను."

 బక్ హోబర్ట్ బూటు మీద గడ్డం ఆనించి పడుకుంది. మిగిలిన పావుగంటా ఏం చెయ్యాలో తెలియక డోర్సీ కోళ్ళ దాణా ప్రకటనలూ వాతావరణమూ రెండేసిసార్లు చదివాడు. ముందు శనివారం టేపైనా పాడింది. ఆ వారం ఒక్క పాట కూడా లేదు. పన్నెండున్నరకి హోబర్ట్ టోపీ పెట్టుకుని, కుక్కను వెంటబెట్టుకుని, చెల్లెలి ఇంటికి భోజనానికి వెళ్ళాడు.